చద్దిమూటకు చక్రాలు

తెల్లవారుజామున ఐదున్నరకు పెద్దమ్మ భుజం తట్టి లేపింది. ‘‘ఒరేయ్, ఇడ్లీపిండి ఫ్రిజ్‌లోంచి బయటికొస్తోందిరా’’ అంది. కలవరిస్తోందనుకున్నాను. లేచి చూస్తే నిజమే. ఫ్రిజ్ తలుపు కింది అంచు నుంచి తెల్లటి ధార ఒకటి దిగి, నేల మీద చిన్న మడుగు కట్టింది. తలుపు తీశాను. డబ్బా మూత ఒక పక్కకు లేచిపోయి ఉంది. పిండి నురగలు కక్కుతూ కింది అరలోని కొత్తిమీర కట్ట మీదికి జారుతోంది. పాల క్యాన్ మీద చెయ్యి వేశాను. గోరువెచ్చగా ఉందనలేను గానీ, చల్లగా అయితే లేదు.

మేమున్నది అమెరికాలో, వ్యోమింగ్ రాష్ట్రంలో, లాండర్ ఊరు దాటాక కరెంటు లేని ఒక క్యాంపింగ్ మైదానంలో. జులై నెల. డెన్వర్‌లో ఉండే అక్కాబావలు వారం రోజులకు ఒక క్యాంపర్ ట్రైలర్ అద్దెకు తీసుకున్నారు. యెల్లోస్టోన్ జాతీయవనం దాకా ప్రయాణం. పోను సుమారు 900 కిలోమీటర్లు. బావ, అక్క, కాలేజీలో చేరబోతున్న మేనకోడలు, నేను, మా అందరికంటే హుషారుగా డెబ్భై రెండేళ్ల పెద్దమ్మ. ఆవిడ నరసరావుపేట నుంచి వస్తూ వస్తూ ఆవకాయ, కందిపొడి, సున్నుండలు తెచ్చింది. అమెరికా ఫ్రిజ్‌ల మీద నమ్మకం మాత్రం తేలేదు.

కారవాన్ అనగానే మనకు షూటింగ్ దగ్గర హీరోగారు సేదదీరే ఏసీ బండి గుర్తొస్తుంది. ఇది వేరు. దీనికి ఇంజిన్ ఉండదు. పికప్ ట్రక్కు వెనక కొక్కేనికి తగిలించి లాక్కుపోయే చిన్న ఇల్లు. కొక్కెం విప్పి ఇంటిని ఒకచోట నిలబెట్టేసి, ట్రక్కులో ఊరంతా తిరిగి రావచ్చు. లోపల మంచాలు, గ్యాస్‌పొయ్యి, సింకు, బాత్‌రూమ్, ఓ ఫ్రిజ్. బయట ముందు భాగంలో రెండు ప్రొపేన్ సిలిండర్లు. అద్దెకిచ్చినాయన అరగంటసేపు అన్నీ చూపించాడు. మంచినీళ్లు ఎక్కడ నింపాలి, మురుగు ఎక్కడ వదలాలి, దీపాలు ఎలా వెయ్యాలి. ఫ్రిజ్ దగ్గరికొచ్చేసరికి ‘‘ఇది గ్యాస్ మీద నడుస్తుంది’’ అని ఒక్క ముక్క చెప్పి ముందుకు వెళ్లిపోయాడు. మేమూ తలూపేశాం. మంట పెడితే చల్లదనం ఎలా వస్తుందని ఐదుగురిలో ఒక్కరం కూడా అడగలేదు.

ఆ ఉదయం ఫ్రిజ్‌లో ఉన్నవి ఇవీ: నాలుగు లీటర్ల ఇడ్లీపిండి, రెండు డబ్బాల పెరుగు, పాలు, మసాలా పట్టించిన కోడిమాంసం కిలోన్నర, టమాటా పప్పు, కొబ్బరి పచ్చడి, కోడిగుడ్లు. తలుపు అరలో పెద్దమ్మ ఇన్సులిన్ పెన్నులు. అక్క ముందు వాటినే బయటికి తీసింది.

మంట మీద చల్లదనం

మధ్యాహ్నానికి డూబాయిస్ అనే చిన్న ఊరు చేరి ఓ గ్యారేజీ ముందు ఆగాం. తెల్లగడ్డం పెద్దాయన వచ్చాడు. పనిముట్ల పెట్టె తెరవనే లేదు. రాత్రి బండి ఎక్కడ నిలిపారు, నేల చదునుగా ఉందా అని అడిగాడు. చదునుగానే ఉందండీ అన్నాడు బావ. ఈలోగా మా మేనకోడలు నిన్న సాయంత్రం తీసిన ఫొటో ఫోన్‌లో చూపించింది. వెనక కొండలు ఉన్నచోట బుద్ధిగా ఉన్నాయి. ముందున్న మా ఇల్లు ఎడమ పక్కకు స్పష్టంగా వాలి ఉంది. ఎడమ చక్రం గుంటలో దిగిందని మాకు నిద్రలో ఒరిగినప్పుడు కూడా తెలియలేదు. పెద్దాయన రెండో ప్రశ్న వేశాడు: ఫ్రిజ్ మీద ‘చెక్’ అని ఎర్రదీపం వెలిగిందా? మేం ముఖాలు చూసుకున్నాం. ఆ దీపం మీద అక్క తువ్వాలు ఆరేసింది.

ఆయన మెట్ల మీద కూర్చుని పావుగంటలో చెప్పిన పాఠం నాకు ఇంటర్‌లో ఫిజిక్స్ మాస్టారు చెప్పినదానికంటే బాగా ఎక్కింది. మన ఇళ్లలోని ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఉంటుంది. గుర్రుమని అప్పుడప్పుడూ చప్పుడు చేసేది అదే. ట్రైలర్లలో దశాబ్దాలుగా ఉంటున్న ఈ రకంలో మోటారు లేదు, కదిలే భాగమే లేదు. హోటల్ గదుల్లో మంచం పక్కన చడీచప్పుడూ లేకుండా ఉండే మినీబార్ చాలాచోట్ల ఇదే జాతిది. 1922లో స్టాక్‌హోంలోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు దీన్ని తయారుచేశారు. వాళ్ల పేర్లు బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్. 1925లో ఎలక్ట్రోలక్స్ ఆ హక్కులు కొనేసింది. ఇలా కదిలే భాగాల్లేని ఫ్రిజ్ కోసం ఐన్‌స్టైన్ కూడా తన స్నేహితుడు సిలార్డ్‌తో కలిసి బుర్ర పెట్టాడు. 1930లో వాళ్లకు అమెరికా పేటెంటు కూడా వచ్చింది. వంటింటి దాకా వచ్చింది మాత్రం ఆ స్వీడన్ కుర్రాళ్లదే.

చెమట ఆరితే ఒళ్లు చల్లబడుతుంది కదా. ఆవిరయ్యే ద్రవం ఏదైనా చుట్టుపక్కల వేడిని లాక్కుపోతుంది. ఈ ఫ్రిజ్‌లో ఆ పని అమ్మోనియాది. వెనకవైపు గొట్టాల్లో నీళ్లలో కలిసిన అమ్మోనియా ఉంటుంది. కింద చిన్న నీలిమంట దాన్ని కాస్తుంది. నీళ్లు ఉండిపోయి అమ్మోనియా ఆవిరై పైకి పోతుంది. పైన రేకుల మధ్య వేడి వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. అక్కణ్నుంచి ఫ్రిజ్ లోపలి గొట్టంలోకి జారుతుంది. అక్కడ హైడ్రోజన్ వాయువు కాచుకుని ఉంటుంది. దాని సావాసంలో అమ్మోనియా తక్కువ వేడికే ఆవిరైపోతుంది. ఆవిరవుతూ మన పెరుగులోని, పాలలోని వేడిని పట్టుకుపోతుంది. కిందికి దిగాక నీళ్లు దాన్ని మళ్లీ పీల్చుకుంటాయి. హైడ్రోజన్ వెనక్కి వెళ్లిపోతుంది. మంట ఉన్నంతసేపూ ఇదే చక్రం. తోసేవాడు లేడు, లాగేవాడు లేడు. ద్రవం పల్లానికి పారుతుంది, ఆవిరి మిట్టకు పోతుంది. అంతే.

అందుకే దానికి నేల చదును కావాలి. ఒకవైపు 3 డిగ్రీలు, ఇంకోవైపు 6 డిగ్రీలు మించి వాలితే జారాల్సిన ద్రవం గొట్టాల్లో ఎక్కడో ఒకచోట నిలిచిపోతుంది. కింద మంట మాత్రం మండుతూనే ఉంటుంది. చాలాసేపు అలా వదిలేస్తే గొట్టం తుప్పు పట్టకుండా వేసిన రసాయనం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. ఇక ఆ ఫ్రిజ్‌కు వైద్యం లేదు, మార్చుకోవడమే. బండి నడుస్తున్నప్పుడు ఈ బాధ లేదు. కుదుపులకు ద్రవం అటూ ఇటూ ఊగి సర్దుకుంటుంది. నిలిపాకే గండం.

దీనికి తోడు మేం ఎక్కిన ఎత్తు. డెన్వరే మైలు ఎత్తున ఉంటుంది. లారమీ వచ్చేసరికి 7,000 అడుగులు దాటాం. 5,500 అడుగులు దాటితే గాలి పలచబడి ఈ మంట సరిగా మండదని, వీలుంటే కరెంటు మీద నడపమని ఫ్రిజ్ తయారీదారులే చెబుతారు. పైగా ఆ ప్రాంతంలో ఓ నదికీ, కొండల వరసకీ పేరే ‘విండ్ రివర్’. గాలి ఎలా వీస్తుందో వేరే చెప్పాలా? మరి మా మంటను ఆర్పింది ఏది? వాలా, ఎత్తా, గాలా? పెద్దాయన భుజాలు ఎగరేశాడు. మూడింట్లో ఏ ఒక్కటైనా చాలు, మీరు మూడూ చేశారు అన్నాడు.

‘‘పొయ్యి పెట్టేముందు నేల చూసుకోరట్రా? మా ఇంట్లో తాపీమేస్త్రి కూడా గట్టు కట్టేముందు రసమట్టం పెట్టి చూస్తాడు’’ అంది పెద్దమ్మ, నేను అనువదించి చెప్పాక. ఆవిడ మాటను నేను ఇంగ్లిష్‌లోకి తిప్పి చెప్పగానే పెద్దాయన లోపలికెళ్లి అరచేతిలో పట్టేంత రసమట్టం ఒకటి తెచ్చిచ్చాడు. రెండు డాలర్లు తీసుకున్నాడు. ఆ వారమంతా బండి నిలిపిన ప్రతిచోటా బావ చక్రాల కింద పలకలు దూర్చడం, పెద్దమ్మ ఫ్రిజ్ అడుగున రసమట్టం పెట్టి బుడగ మధ్యకొచ్చిందాకా ఊరుకోకపోవడం నియమమైపోయింది.

ఫ్రిజ్ కాపలాదారు, అంతే

అసలు తప్పు అంతకుముందే మా ఇంట్లోనే జరిగింది. బయల్దేరే రోజు పొద్దున్న ఫ్రిజ్ వేశాం. గంటకల్లా నింపేశాం. అప్పుడే దించిన టమాటా పప్పు, కొట్లోంచి తెచ్చి ఎండలో కారులో ఉంచిన నీళ్లసీసాలు, అన్నీ దాంట్లోకే. ఈ గ్యాస్ ఫ్రిజ్ ఖాళీగా ఉన్నప్పుడు చల్లబడడానికే 8 నుంచి 12 గంటలు తీసుకుంటుంది. ముందురోజే ఇంటి కరెంటుకు తగిలించి, రాత్రంతా నడిపి, పొద్దున్న అన్నీ ఇంటి ఫ్రిజ్‌లోంచి చల్లగానే తీసి దీంట్లోకి మార్చాలి. వేడి గిన్నె పెడితే దాన్ని చల్లబరచడం దీని వల్ల కాదు. పక్కనున్న పాలను కూడా వెచ్చబరుస్తుంది. ఈ ప్రయాణంలో నాకు పట్టుబడిన సంగతి ఇదొక్కటే: దారిలో చల్లదనం తయారుచేసుకోలేం, ఇంటినుంచి తీసుకెళ్లినదాన్ని జాగ్రత్తగా ఖర్చుపెట్టుకుంటాం.

ఐస్‌పెట్టె విషయంలో ఈ లెక్క ఇంకా సూటిగా కనబడుతుంది. ట్రక్కులో మాకు అలాంటిది ఒకటుంది. పెట్రోలు బంకులో 10 పౌన్ల ఐస్ సంచి, అంటే నాలుగున్నర కిలోలు కొని దాంట్లో పోసి, అరలీటరు నీళ్లసీసాలు 24 పెట్టాం. సాయంత్రానికి ఐస్ లేదు. ఎవరో దొంగిలించినట్టు అనిపించింది. కాగితం మీద వేసి చూద్దాం. 24 సీసాలంటే 12 కిలోల నీళ్లు. ఎండకు 40 డిగ్రీలున్నవాటిని 4 డిగ్రీలకు దించాలంటే కిలోకు 36 చొప్పున 432 కిలోక్యాలరీల వేడి తీసెయ్యాలి. కిలో ఐస్ కరిగితే 80 కిలోక్యాలరీలు తీస్తుంది. అంటే 5.4 కిలోల ఐస్ కావాలి. మేం పోసింది నాలుగున్నర. కూరలకు, పాలకు దక్కింది సున్నా. అవే సీసాలను ఇంటి ఫ్రిజ్‌లో చల్లబరచి తెచ్చుకుంటే ఆ సంచి మర్నాటిదాకా వచ్చేది.

ఇంకో మెట్టు పైకెళ్లి సగం సీసాలను ముందే గడ్డ కట్టించుకుంటే అవే ఐస్‌గా పనికొస్తాయి, కరిగాక తాగొచ్చు. మూడో రోజుకు దాచుకున్న కూరను జిప్ సంచిలో పలచగా పరిచి గడ్డ కట్టిస్తే అదీ అంతే. తిరుగుదారిలో అక్క ఇలాగే చేసింది. యెల్లోస్టోన్ నుంచి మేం వెనక్కి వస్తుంటే ఐస్‌పెట్టె అడుగున పల్చటి పలకల్లా సాంబారు పేర్చి ఉంది.

ముక్కలుగా ఉన్న ఐస్ కంటే దిమ్మ ఎక్కువసేపు నిలుస్తుందన్నది భీమవరం, ఆకివీడు చేపల మార్కెట్లు చూసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. దిమ్మను పగలగొట్టినకొద్దీ గాలి తగిలే ముఖాలు పెరుగుతాయి, కరగడం తొందరవుతుంది. అలాగని చేపల్ని దిమ్మ పక్కన పెడితే చాలదు. చేప ఒళ్లంతా చల్లదనం తగలాలి కాబట్టి అక్కడ చిదిమిన ఐస్ కావాలి. ట్రైలర్ ప్రయాణికులు రెండూ వాడతారు. అడుగున దిమ్మ, సందుల్లో ముక్కలు. కరిగిన నీళ్లను వెంటనే పారబొయ్యకూడదు. అవీ చల్లగానే ఉంటాయి, పెట్టెలో వెచ్చటి గాలికి చోటివ్వవు. కాకపోతే కోడిమాంసం పొట్లం ఆ నీళ్లలో తేలకుండా చూసుకోవాలి.

దూరం తీసుకెళ్లే ఐస్ అన్నది ఈనాటి ముచ్చట కాదు. మద్రాసు మెరీనా ఎదుట గుండ్రంగా ఉండే పాత మేడను ఇప్పటికీ ఐస్‌హౌస్ అంటారు. 1897లో వివేకానందుడు తొమ్మిది రోజులు బస చేసింది అందులోనే. ఆ మేడ కట్టింది 1842లో, అమెరికా నుంచి వచ్చే ఐస్‌ను దాచడానికి. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి చలికాలంలో గడ్డకట్టిన చెరువుల్ని రంపాలతో కోయించి, ఓడల్లోకెక్కించి, రంపపుపొట్టు దట్టించి పంపేవాడు. 1833 మే నెలలో బోస్టన్‌లో బయల్దేరిన మొదటి ఓడ సెప్టెంబరులో కలకత్తా చేరింది. 180 టన్నులు ఎక్కించారు, సుమారు 100 టన్నులు దిగాయి. నాలుగు నెలలు, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి! మా పెట్టెలో నాలుగున్నర కిలోలు నాలుగు గంటలు ఆగలేదు. రంపపుపొట్టు గొప్పదా, ట్యూడర్ గొప్పవాడా అంటే, ఆయన మాత్రం ఓడలో వెచ్చటి నీళ్లసీసాలు పెట్టలేదు.

పొడి ఐస్ అని ఇంకోటి అమ్ముతారు, అది గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్. మైనస్ 78.5 డిగ్రీలు. కరగదు, నేరుగా ఆవిరైపోతుంది. కూరల్ని రాయిలా ఉంచుతుంది. కానీ ఆ వాయువు మూసిన గదిలో నిండితే మనిషికి ఊపిరాడదు. నిద్రపోయే ట్రైలర్‌లోకి దాన్ని తీసుకురాకండి. నాకైతే దాంతో పని పడలేదు, పడకూడదనే కోరుకుంటాను.

ముక్కు చెప్పని సంగతి

పిండి పొంగిన ఆ ఉదయానికి మళ్లీ వస్తాను. ఏది ఉంచాలి, ఏది పారెయ్యాలి? బావ కోడిమాంసం మూత తీసి వాసన చూశాడు. ‘‘బాగానే ఉంది’’ అన్నాడు. ‘‘గట్టిగా ఉడికిస్తే ఏం కాదు’’ అన్నాను నేను. ఇద్దరం చదువుకున్నవాళ్లమే. ఇద్దరిదీ తప్పే.

అమెరికా వ్యవసాయశాఖ లెక్క ప్రకారం 40 నుంచి 140 ఫారన్‌హీట్ మధ్య, అంటే మన 4.4 నుంచి 60 డిగ్రీల మధ్య, సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి. త్వరగా పాడయ్యే పదార్థం ఆ మధ్యలో రెండు గంటలు మించి ఉండకూడదు. బయట 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. కంపు కొట్టించే సూక్ష్మజీవులు వేరు, జబ్బు చేయించేవి వేరు. రెండోవి వాసన రాకుండానే పెరగగలవు. వాటిలో కొన్ని వదిలే విషం మరిగించినా విరగదు. అన్నం విషయంలో మనవాళ్లు మరీ ధీమాగా ఉంటారు. ఉడికిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే జీవి విత్తనాల్లాంటివి బతికి ఉంటాయి. వెచ్చగా వదిలేస్తే మొలకెత్తి వాంతులు చేయించే విషాన్ని వదులుతాయి. మళ్లీ వేడి చేస్తే ఆ జీవి చస్తుంది, విషం పోదు.

తలుపు తియ్యకుండా ఉంటే కరెంటు పోయిన ఫ్రిజ్ 4 గంటలు చల్లదనం నిలుపుతుంది. నిండుగా ఉన్న డీప్‌ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉంటే 24. ఇవి ఇంటి ఫ్రిజ్‌ల లెక్కలు. మా మంట ఎప్పుడు ఆరిందో మాకు తెలియదు. లోపల థర్మామీటర్ లేదు. తెలియనప్పుడు తినకూడదు. కోడిమాంసం, పప్పు, కొబ్బరి పచ్చడి, కోడిగుడ్లు, పాలు పెద్ద సంచిలో కట్టి చెత్తపెట్టెలో వేశాం. కిలోన్నర మాంసం పోయిందని బావ మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. థర్మామీటర్ ఖరీదు ఆ మాంసం ఖరీదులో సగం కూడా ఉండదు.

ఇన్సులిన్ గట్టెక్కింది. తెరవని పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. బయటికొచ్చినదాన్ని 30 డిగ్రీలు మించకుండా ఉంచితే చాలా రకాలు 28 రోజుల దాకా పనికొస్తాయి. రకాన్ని బట్టి ఇది మారుతుంది, కాబట్టి పెట్టె మీద చదువుకోవాలి. అక్క వాటి మీద ఆ రోజు తేదీ వేసింది. గడ్డకడితే మాత్రం ఇన్సులిన్ చచ్చినట్టే. ఐస్‌కు ఆనించి పెట్టడం, ఫ్రిజ్ వెనక రేకులకు తగిలేలా తొయ్యడం రెండూ ప్రమాదమే. తర్వాత వాటికోసం నీళ్లలో నానబెడితే చాలు, ఆరుతూ చల్లబరిచే గుడ్డసంచి ఒకటి కొన్నాం. పెద్దమ్మ దాన్ని చూసి ‘‘కూజాకు గుడ్డ చుట్టినట్టేగా’’ అంది. సూత్రం అచ్చంగా అదే. ఆస్ట్రేలియా పడమటి ఎడారిలో బంగారం కోసం పోయినవాళ్లు 1890ల్లో తడి గోనెపట్టా చుట్టిన బోనులో మాంసం, వెన్న దాచుకున్నారు. కూల్‌గార్డీ అనే ఊరి పేరు మీద దాన్ని కూల్‌గార్డీ సేఫ్ అంటారు. పొడిగాలిలో ఇది భేషుగ్గా పనిచేస్తుంది. ఉక్కపోతలో చెయ్యదు. అనంతపురం కుండ చల్లబడినంతగా మచిలీపట్నం కుండ చల్లబడకపోవడానికి కారణమిదే.

పులుపు కాపాడింది

ఇక మిగిలినవి పెరుగు, పిండి. వాటిని పారేస్తానంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. సైన్సు ఆవిడ పక్షానే ఉంది. పులిసిన పిండి, తోడుకున్న పెరుగు అప్పటికే ఆమ్లంతో నిండినవి. ఆ పులుపులో జబ్బు చేయించే జీవులు బతకడం కష్టం. ఇడ్లీ వెయ్యడానికి పిండి మరీ పులిసిపోయింది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరిగి ఊతప్పాలు వేసింది. పెరుగు నీళ్లు వదిలి నాలుక జివ్వుమనేలా ఉంది. మజ్జిగపులుసయింది. వ్యోమింగ్ మైదానంలో, ఆరిన ఫ్రిజ్ పక్కన, ఆ పులుసు అద్భుతంగా ఉంది.

ఆలోచిస్తే మన ప్రయాణపు తిళ్లన్నీ ఫ్రిజ్ లేని లోకం కోసమే పుట్టాయి. పులిహోరలో చింతపండు, నూనె, ఉప్పు ఊరికే లేవు. ఆవకాయ సంగతి సరేసరి. జంతికలు, అరిసెలు నూనెలో వేగి తేమ పోగొట్టుకున్నవి. దూర ప్రయాణానికి పెరుగన్నం కలిపేటప్పుడు పెద్దమ్మ పెరుగు పోసి కలపదు. గోరువెచ్చటి పాలు పోసి రెండు చెంచాల పెరుగు మాత్రం వేస్తుంది. దారిలో అది తోడుకుంటుంది. మధ్యాహ్నం మూత తీసేసరికి పులవకుండా కమ్మగా ఉంటుంది. రైల్లో మరచెంబు, ఎండకు కాలుతున్న కిటికీ పక్కన ఆ గిన్నె నాకింకా గుర్తే. అన్నట్టు ‘చద్ది’ అన్నమాట ‘చల్ది’ నుంచి వచ్చింది. చల్లటి అన్నమన్నమాట. గొల్లపిల్లలతో కృష్ణుడు ఆరగించిన చల్దుల్ని పోతన భాగవతం చదివినవాళ్లెవరూ మరిచిపోరు. కావళ్లు దించుకుని తిన్న ఆ పిల్లలకు ఫ్రిజ్ చింత లేదు.

అయితే పెద్దమ్మ వాదాన్ని చివరిదాకా ఒప్పుకోలేను. పులిహోరతో వారం గడవదు. పసిపిల్లల పాలు, మందులు, మాంసం ఉన్నచోట చల్లదనం తప్పనిసరి. ఏది చల్లగా ఉండక తప్పదో దానికే ఆ చిన్న ఫ్రిజ్‌ను వదిలెయ్యడం తెలివి. పచ్చళ్లు, టమాటాలు, ఉల్లిపాయలు, కూల్‌డ్రింకులు దాంట్లో కుక్కి గాలి ఆడకుండా చెయ్యడం కాదు.

ఎలుగుబంటికి గంట టైము

టాగ్వోటీ కనుమ 9,600 అడుగుల పైన దాటి యెల్లోస్టోన్ చేరాం. అక్కడ తిండి దాచుకోవడం చల్లదనంతో ఆగదు. గ్రిజ్లీ ఎలుగుబంట్ల రాజ్యమది. ఐస్‌పెట్టెను బల్ల మీద వదిలేసి వాకింగ్‌కు వెళ్లడం నిబంధనలకు విరుద్ధం. ఇనుప పెట్టెల్లోనో, తలుపులు మూసిన బండిలోనో పెట్టాలి. మేం దిగిన ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కులోకి గుడ్డ గోడలున్న బండ్లను, గుడారాలను అసలు రానివ్వరు. గట్టి గోడలుంటేనే చోటు. ఆ వనంలో బండికి కరెంటు తగిలించుకునే వసతి ఉన్నదీ అక్కడే. రెండు రాత్రులు గ్యాస్ మంట ఊసు లేకుండా ఫ్రిజ్ కరెంటు మీద నడిచింది. పాలు గడ్డకట్టేంత చల్లబడింది.

వనం పడమటి వాకిట్లో వెస్ట్ యెల్లోస్టోన్ ఊరుంది. అక్కడి గ్రిజ్లీ అండ్ వుల్ఫ్ డిస్కవరీ సెంటర్‌లో, అడవిలో వదలడానికి వీల్లేని ఎలుగుబంట్లను పెంచుతారు. వాటికో ఉద్యోగం కూడా ఉంది. కంపెనీలు తాము తయారుచేసిన ఐస్‌పెట్టెల్ని, చెత్తపెట్టెల్ని ఇక్కడికి పంపుతాయి. లోపల తిండి పెట్టి ఎలుగుబంటికి వదులుతారు. గంటసేపు కుస్తీ పట్టినా అది తెరవలేకపోతే పెట్టె పాసయినట్టు, ‘ఎలుగుబంటికి లొంగదు’ అన్న ముద్ర వేసుకోవచ్చు. మేం చూసినప్పుడు ఓ ఎలుగుబంటి ముందుకాళ్లు రెండూ పెట్టె మీద పెట్టి, పైకి లేచి లేచి బరువంతా దాని మీద వేస్తోంది. అచ్చం మనవాళ్లు నిండిన సూట్‌కేసు మీదెక్కి జిప్పు వేసినట్టు. పెద్దమ్మ పది నిమిషాలు కళ్లార్పకుండా చూసింది. ‘‘నా జాడీకైతే అర నిమిషం చాలు’’ అంది.

కాలిఫోర్నియా వైపు వెళ్లేవాళ్లకో మాట. ఆ రాష్ట్రపు సరిహద్దులో బండి ఆపి పండ్లు, మొక్కలు ఏమున్నాయని అడుగుతారు. కరివేపాకుతో జాగ్రత్త. నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగుకు కరివేప ఇష్టమైన నివాసం. ఫ్రిజ్‌లో రెమ్మ ఉంటే దాచకండి, చెప్పెయ్యండి.

కొత్త ట్రైలర్లలో ఈ గ్యాస్ ఫ్రిజ్‌లు తగ్గిపోతున్నాయి. బ్యాటరీ మీద 12 వోల్టులతో నడిచే కంప్రెసర్ ఫ్రిజ్‌లు వస్తున్నాయి. 30 డిగ్రీలు వాలినా వాటికి పట్టదు, ఎత్తుతో పేచీ లేదు, గంటల్లో చల్లబడతాయి. రోజుకు అర యూనిట్‌కు కాస్త అటూఇటూ తింటాయి. ఎండ బాగుంటే పైకప్పు మీద 200 వాట్ల సోలార్ పలక దాన్ని భరిస్తుంది. మబ్బు పట్టి మూడు రోజులు చెట్ల నీడలో ఉంటే మాత్రం బ్యాటరీ చేతులెత్తేస్తుంది. గ్యాస్ ఫ్రిజ్ అక్కడే మొనగాడు. 20 పౌన్ల సిలిండర్ ఒక్క ఫ్రిజ్‌కే వాడితే పది రోజులకు పైగా వస్తుంది. బంకులో పెట్రోలు పోయించేటప్పుడు ఆ మంట ఆర్పెయ్యాలన్నది మరిచిపోకూడదు. బాల్టిమోర్ రేవు కింది సొరంగాల్లోకైతే అంత పెద్ద ప్రొపేన్ సిలిండర్లున్న బండిని రానివ్వరు, చుట్టుదారే.

మన దగ్గర కారుకు తగిలించుకునే ‘మినీ ఫ్రిజ్’ అని చవకగా అమ్మేవాటిలో చాలావరకు కంప్రెసర్ ఉండదు. పెల్టియర్ పలక ఉంటుంది. అది బయటి వేడికంటే సుమారు 20 డిగ్రీలు మాత్రమే దించగలదు. మే నెలలో 42 డిగ్రీలున్న విజయవాడ రోడ్డు మీద లోపల 22 ఉంటుంది. నీళ్లు తాగడానికి బాగుంటుంది. పాలకూ, మాంసానికీ, ఇన్సులిన్‌కూ పనికిరాదు. కొనేముందు లోపల కంప్రెసర్ ఉందా అని ఒక్క ప్రశ్న అడగండి.

వారం తర్వాత డెన్వర్ చేరి బండి అప్పగించేముందు ఫ్రిజ్ ఖాళీ చేశాం. మూలల్లో ఎండిపోయిన ఇడ్లీపిండిని పెద్దమ్మ పాత టూత్‌బ్రష్‌తో గీకి తీసింది. తలుపు మూసెయ్యబోతే అద్దెకిచ్చినాయన ఆపి, గుడ్డ మడిచి సందులో పెట్టి, తలుపు బెత్తెడు తెరిచి ఉంచాడు. ఆపేసిన ఫ్రిజ్‌ను బిగించి మూస్తే రెండు రోజుల్లో బూజు పడుతుందట. సెలవులకు ఊరెళ్తూ ఇంట్లో ఫ్రిజ్ ఆపి వెళ్లేవాళ్లూ ఇదే పని చెయ్యండి.